అడిగి తెచ్చుకున్న సాయంత్రాలు

ఆ ఏడు న్యూజిలాండులో గడియారాలు ఒక వారం ముందే జరిగాయి. అందులో మా ఆయన చెయ్యి కూడా ఉంది.

ఇండియాలో చలి మొదలయ్యే రోజుల్లో ఇక్కడ ఎండలు మొదలవుతాయి. అప్పుడు దేశం మొత్తం గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకుంటుంది. పొద్దున చీకటి ఒక గంట పెరుగుతుంది, సాయంత్రం వెలుతురు ఒక గంట పెరుగుతుంది. మళ్ళీ చలి వస్తోందనగా వెనక్కి తిప్పుతారు. అంతకుముందు వరకూ ఈ వ్యవహారం అక్టోబరులో మొదలై మార్చి మధ్యలో ముగిసేది. అది చాలదు, ఇంకొన్ని వారాలు పొడిగించమని రెండువేల ఏడు మొదట్లో సంతకాల సేకరణ జరిగింది. రైతులు వద్దన్నారు. చిన్నపిల్లల తల్లులు కొందరు వద్దన్నారు. కావాలన్నవాళ్ళే ఎక్కువ తేలారు. సెప్టెంబరు ఆఖరి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా నడుపుతామని ప్రభుత్వం ప్రకటించింది.

మా ఆయన విన్సెంట్ బందరు మనిషి. పెన్రోజ్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగి, గాలపు కర్ర కారులో వేసుకుని వేమౌత్‌లో సముద్రం ఒడ్డుకు వెళ్ళి కూర్చుంటేగాని ఆయనకు రోజు గడిచినట్టు ఉండదు. చీకటిపడితే మాత్రం నేను వెళ్ళనిచ్చేదాన్ని కాదు. ఆ పాచి పట్టిన రాళ్ళమీద కాలు జారితే పట్టుకునేవాళ్ళు కూడా ఉండరని నా భయం. అందుకని ఆయనకు వెలుతురు కావాల్సి వచ్చింది. వీసా తప్ప ఈ దేశాన్ని ఇంకేదీ అడగని మనిషి, ఆ వేసవిలో పిటిషన్ కాగితాలు పట్టుకుని ప్రెస్సులోనూ, ఇండియన్ షాపులోనూ, ఆఖరికి మా తెలుగు ప్రార్థన కూటం అయ్యాక టీ బల్ల దగ్గరా తిరిగాడు. మా పక్కింటి కృష్ణారావు గారు కడప మనిషి, చేప ముట్టరు. ఆయన చేత కూడా సంతకం పెట్టించాడు.

నన్నూ అడిగాడు. నేను పెట్టలేదు.

"ఎందుకు పెట్టవు?" అన్నాడు.

"మీకు సాయంత్రం కలిసొచ్చేదంతా నాకు పొద్దున పోతుంది కాబట్టి," అన్నాను.

నేను పాపాటోటోలో ఒక రెస్ట్‌హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, నర్సుని. ఏడు గంటలకల్లా డ్యూటీలో ఉండాలి. మాకున్నది ఒకటే కారు, నాకు డ్రైవింగ్ రాదు. లెర్నర్ లైసెన్స్ తీసుకున్నానేగాని స్టీరింగ్ ముందు కూర్చుంటే చేతులకు చెమటలు పట్టేవి. నేను రైలెక్కే టకానిని స్టేషను మా ఇంటికి దగ్గరేమీ కాదు. మాది కొత్తగా వేసిన కాలనీ. సగం కట్టిన ఇళ్ళు, తవ్విపోసిన మట్టి, ఇంకా లైట్లు పడని రోడ్డు. నేను బయల్దేరే వేళకు మా లవ్లీ మంచి నిద్రలో ఉండేది. దానికి ఆరేళ్ళు. దాన్ని ఒంటరిగా వదిలి ఆయన నన్ను దింపడానికి వీల్లేదు. అందుకని నడక నాది, రైలు నాది. ఎండాకాలం ఆ నడక బాగానే ఉండేది. ఆయన అడిగి తెచ్చుకున్న వారాలతోనే నాకు పేచీ.

గడియారాలు తిప్పిన ఆ ఆదివారం మా కూటానికి సగం మంది ఆలస్యంగా వచ్చారు. కొత్త తేదీ ఎవరి బుర్రలోకీ ఎక్కలేదు. ఆఖరి దీవెన జరుగుతుండగా సుశీలమ్మ ఆంటీ బైబిలు పట్టుకుని తీరిగ్గా లోపలికొచ్చి, అందరూ లేచి నిలబడి ఉండటం చూసి తనకోసమే లేచారనుకుని కూర్చోమని చెయ్యి ఊపింది. విషయం తెలిశాక, దేవుడు పెట్టిన టైమును తిప్పడానికి మీరెవరని విన్సెంట్‌ను నిలదీసింది. అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను. అది ఆదివారం కాబట్టి నవ్వగలిగాను.

ఆ వారంలోనే, బుధవారం అనుకుంటా, నేను గోతిలో పడ్డాను.

ఏదో పైపు కోసం రోడ్డు పక్కన కొత్తగా తవ్వారు. చుట్టూ కట్టిన నారింజ రంగు వల రాత్రి గాలికి పడిపోయినట్టుంది. పాత పద్ధతే ఉండుంటే ఆ వేళకు తెల్లారిపోయేది, నేను ఆ గోతిని చూసి పక్కకు తప్పుకునేదాన్ని. చీకట్లో కాలికింద నేల లేదని తెలిసేలోపే లోపలున్నాను. నడుంలోతు కూడా లేదు. కానీ చెయ్యి కిందపెట్టి పడటంతో మణికట్టు కలుక్కుమంది. టిఫిన్ డబ్బా మూత ఊడి పెరుగన్నం మట్టిపాలైంది. అక్కడ కూర్చుని ఏడుద్దామనే అనిపించింది. రైలు కూత వినపడి ఏడుపు మానేసి పైకెక్కాను.

రైల్లో ఎవరూ ఏమీ అడగలేదు. ఒకావిడ మాత్రం తన పక్క సీటు మీద పేపరు పరిచి, కూర్చోమన్నట్టు తల ఊపింది.

రెస్ట్‌హోమ్‌లో నా మణికట్టుకు కట్టు కట్టడం చూసి మిస్టర్ డొనాల్డ్‌సన్ అడిగాడు. ఆయనకు తొంభై దగ్గర పడుతున్నాయి. వైకటోలో పాడి ఆవులు మేపిన కుటుంబం. కాళ్ళు పట్టు తప్పాయిగాని మాట పట్టు తప్పలేదు. పొద్దున ఆయనకు మందులిచ్చే వేళ నాకు ఇష్టమైన వేళ. జరిగింది చెప్పాను. సంతకాల సంగతి, మా ఆయన సంగతి కూడా చెప్పేశాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత వాళ్ళ ఇంటి సంగతి చెప్పాడు. ఈ గడియారం గొడవ కొత్తది కాదట. వెల్లింగ్టన్‌లో పోస్టాఫీసు ఉద్యోగి ఒకాయన, పని అయ్యాక పురుగులు పట్టుకుని పరిశీలించడానికి సాయంత్రం వెలుతురు చాలక, గడియారాన్ని ముందుకు జరుపుదామని వందేళ్ళకు పైగా కిందటే ప్రతిపాదించాడట. అందరూ నవ్వారట. తర్వాత ఎప్పటికో, డొనాల్డ్‌సన్ చిన్నపిల్లాడిగా ఉండగా, మొదటిసారి చట్టం చేసి ముందుకు తిప్పారు. రైతులు భగ్గుమన్నారు. ఆవులకు గడియారం తెలియదు, పాలడబ్బాలు తీసుకెళ్ళే బండికి మాత్రం గడియారమే తెలుసు. తర్వాతి ఏడాది గంటను అరగంటకు తగ్గించారు. అయినా వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. పశువుల పాకలో గడియారాన్ని ముట్టుకోనివ్వలేదు. ఊళ్ళో మీటింగు పెడితే వెళ్ళి బల్లగుద్ది మాట్లాడి వచ్చాడట.

"మరి మీ ఇంట్లో ఏ టైము నడిచేది?" అని అడిగాను.

"రెండూ నడిచేవి. నాన్నది ఆవుల టైము, మాది బడి టైము," అన్నాడు. మాత్ర మింగి, నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిచ్చాక అన్నాడు. "అమ్మ రెండింటికీ లేచేది."

ఆ మాట నాతోపాటు రోజంతా తిరిగింది. డ్యూటీ దిగే ముందు మేనేజర్ గదికి వెళ్ళాను. నన్ను మధ్యాహ్నం షిఫ్టుకు మార్చమని అడిగాను. అది మూడింటికి మొదలై రాత్రి పదకొండుకు ముగుస్తుంది. ఆ షిఫ్టులో మా వైపు నుంచి కారులో వచ్చే ఒకమ్మాయి ఉంది, తిరిగి వచ్చేటప్పుడు దింపుతుంది. మేనేజర్ ఆలోచించి, ఇప్పుడు ఖాళీ లేదని, ఫిబ్రవరి ఆఖరుకు ఒకరు మానేస్తున్నారని, ఆ చోటు నాకే ఉంచుతానని చెప్పింది. ఈలోపు మనసు మారితే చెప్పమంది.

ఆ సాయంత్రం విన్సెంట్ ప్రెస్సు నుంచి నేరుగా ఒడ్డుకు వెళ్ళి, ఈలవేసుకుంటూ ఇంట్లోకొచ్చాడు. చేతిలో రెండు కహవాయ్ చేపలు. ఇంకా బయట బంగారంలాంటి ఎండ. ఆయన ముఖం కూడా అలాగే ఉంది. చేతి కట్టు చూసి ఏమైందన్నాడు. జారానన్నాను.

"షీ ఫెల్ ఇన్ ఎ హోల్, డాడీ," అంది లవ్లీ. "ఇట్ వాజ్ డార్క్."

ఆయన చేపలు సింకులో పెట్టాడు. ఎక్కడ, ఎలా అని అడిగాడు, చెప్పాను. షిఫ్టు మారుతున్న సంగతి కూడా చెప్పాను. కత్తి తీసుకుని పొలుసు గీకడం మొదలుపెట్టి, కాసేపటికి ఆపాడు.

"మరి దీన్ని ఎప్పుడు చూస్తావు?" అన్నాడు లవ్లీ వైపు చూసి.

"పొద్దున బడికి పంపేటప్పుడు. ఆదివారాలు."

చేపల పులుసు ఆ రోజు ఆయనే పెట్టాడు. ఉప్పు ఎక్కువైంది, ఇద్దరం తిన్నాం.

మర్నాడు నేను లేచేసరికి హాల్లో లైటు వెలుగుతోంది. లవ్లీని దుప్పటితో సహా చుట్టి భుజాన వేసుకుని కారు దగ్గరికి నడుస్తున్నాడు. నన్ను స్టేషనులో దింపాడు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాతా. పిల్ల వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయేది. ఒక్కోసారి మెలకువొచ్చి, చర్చికి వెళ్తున్నామా అని అడిగేది. పది రోజులు తిరక్కుండా దాని టీచరు కబురు చేసింది. క్లాసులో చాప మీద పడుకుని నిద్రపోతోందట, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మర్యాదగా అడిగింది. ఈ దేశంలో ఆ ప్రశ్న ఎవరైనా అంత మర్యాదగా అడిగితే పిల్లల సంక్షేమశాఖ దాకా పోతుందేమోనని భయం వేస్తుంది. ఆ పద్ధతి అంతటితో ఆగిపోయింది. అప్పటికి అక్టోబరు సగం అయింది, పొద్దులు ముందుకొచ్చి నేను నడిచే వేళకు కొంచెం తెలతెలవారడం మొదలైంది. నా మణికట్టు కూడా తగ్గింది.

ఒకరోజు విన్సెంట్ ఆఫీసు నుంచి వచ్చి టీ తాగలేదు, గాలపు కర్ర తీయలేదు. బయటినుంచి హారన్ కొట్టాడు. వెళ్ళి చూస్తే కారుకు ముందూ వెనకా పసుప్పచ్చని ఎల్ బోర్డులు. తను పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు.

"రా, కూర్చో," అన్నాడు.

"స్టవ్ మీద పప్పుంది."

"ఆపేసి రా. ఇంకా బోలెడు వెలుతురుంది."

మా కాలనీ వెనక అప్పటికి రోడ్లు మాత్రమే వేశారు, ఇళ్ళు లేవు. వీధులకు పేర్లు కూడా పెట్టేశారు, ఆ పేర్లతో పిలవడానికి మనుషులు లేరు. ఆ ఖాళీ వీధుల్లో నా చదువు మొదలైంది. మొదటి రోజు బండి కదలడం, ఆగడం తప్ప ఏమీ జరగలేదు. రెండో రోజు మలుపు. విన్సెంట్ మంచివాడేగాని మంచి మాస్టారు కాడు. నేను తప్పు చేస్తే అరుస్తాడు, సరిగ్గా చేస్తే కిటికీలోంచి బయటకు చూస్తాడు. నేను కోపం వస్తే బండి ఎక్కడుంటే అక్కడ ఆపేసి చేతులు కట్టుకుంటాను. అలా ఇద్దరం మాటల్లేకుండా కూర్చుంటే లవ్లీ వెనకనుంచి, ఇప్పుడు ఎవరు సారీ చెప్పాలో తీర్పు చెప్పేది. ఎక్కువసార్లు డాడీయే.

రోజూ వెళ్ళేవాళ్ళం. వానొచ్చినా వెళ్ళేవాళ్ళం. నవంబరు నాటికి మెయిన్ రోడ్డుకొచ్చాను. డిసెంబరులో మోటార్‌వే పక్క రోడ్డుమీద లారీ దాటిపోతే కళ్ళు మూసుకోకుండా ఉండగలిగాను. ఎనిమిది దాటినా ఇంకా సూర్యుడు పోయేవాడు కాదు. లవ్లీకి నిద్ర పట్టేది కాదు. "ఇట్స్ నాట్ ఈవెన్ నైట్, మమ్మీ," అని ఏడ్చేది. విన్సెంట్ తన బందరు లుంగీ ఒకటి దాని కిటికీకి మేకులు కొట్టి అడ్డం కట్టాడు. గళ్ళ లుంగీలోంచి పడే వెలుతురు గోడమీద గళ్ళుగళ్ళుగా పడితే, అది ఆ గళ్ళు లెక్కపెడుతూ నిద్రపోవడం అలవాటు చేసుకుంది.

గాలపు కర్ర మాత్రం గరాజులో వేలాడుతూనే ఉంది. ఒకసారి మనసాగక, ఈ రోజు చాల్లెండి, మీరు వెళ్ళిరండి అన్నాను.

"చేపలెక్కడికి పోతాయి," అని తాళాలు నా చేతిలో పెట్టాడు.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం రివర్సు నేర్చుకుంటూ కృష్ణారావు గారి గేటు దగ్గరున్న పోస్టు డబ్బాను పడగొట్టాను. కొయ్యతో సహా విరిగి గడ్డిలో పడింది. చప్పుడుకు ఆయన బయటికొచ్చారు. విన్సెంట్ క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆయన ఆ డబ్బాను చేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పోనీలేమ్మా, ఇందులో వచ్చేవన్నీ బిల్లులే," అన్నారు. "నేను కూడా సంతకం పెట్టినోణ్ణే కదా. సగం తప్పు నాది."

శనివారం ఆయనా మా ఆయనా కలిసి కొత్త డబ్బా పాతారు. ఈసారి గోడకు ఆనించి, లోపలికి జరిపి పాతారు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు.

జనవరి చివర టెస్టుకు వెళ్ళాను. ఫెయిలయ్యాను. రోడ్లు కలిసే రౌండబౌట్ దగ్గర, రూలు ప్రకారం కుడివైపు నుంచి వచ్చే కార్లన్నీ పోనిచ్చాను, ఎంతసేపటికీ ఒక కారు వస్తూనే ఉంది. వెనక క్యూ పెరిగిపోయింది. టెస్టు చేసే ఆయన ఓపికగా, మనం ఇవాళే వెళ్ళాలి కదా అన్నాడు. ఇంటికొచ్చి ముఖం కడుక్కుని వంట చేసుకున్నాను. ఆ సాయంత్రం విన్సెంట్ అరవలేదు, అదే నాకు ఎక్కువ కష్టం అనిపించింది.

మర్నాడు డొనాల్డ్‌సన్‌కు చెప్తే తన భార్య నాలుగుసార్లు ఫెయిలైందన్నాడు. నాలుగోసారి ఆవిడ టెస్టు ఆఫీసరుకు ఇంట్లో చేసిన కేకు పట్టుకెళ్ళిందట, ఆయన కేకు తిని మరీ ఫెయిల్ చేశాడట. ఎప్పుడు పాసైంది అని అడిగాను. పాస్ కాలేదమ్మాయ్, ముప్పయ్యేళ్ళు లైసెన్సు లేకుండానే పొలంలో ట్రాక్టరు నడిపింది అన్నాడు. ఆ రోజంతా నవ్వు వచ్చినప్పుడల్లా టెస్టు గుర్తొచ్చింది, టెస్టు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొచ్చింది.

ఫిబ్రవరిలో పొద్దులు మళ్ళీ వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. నేను బయల్దేరే వేళకు దారి మళ్ళీ మసకబారింది. మేనేజర్ పిలిచి, మధ్యాహ్నం షిఫ్టు మనిషి నెలాఖరుకు వెళ్ళిపోతోంది, నీ మాట చెప్పు అంది. వారం గడువడిగాను. ఆ వారంలో విన్సెంట్ నన్ను ఆ ఊళ్ళో ఉన్న ప్రతి రౌండబౌట్‌కూ తిప్పాడు. ఒకే రౌండబౌట్ చుట్టూ బయటపడకుండా నాలుగైదుసార్లు తిరిగిన రోజు కూడా ఉంది. లవ్లీకి అది రంగులరాట్నంలా ఉండి ఇంకా ఇంకా అంది.

రెండోసారి పాసయ్యాను. చేతిలో కాగితం పట్టుకుని బయటికొస్తే విన్సెంట్ పార్కింగ్‌లో నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి అర్థమైనట్టుంది, దగ్గరికి రాకుండా ముందు కారు చుట్టూ తిరిగి ఎల్ బోర్డులు పీకాడు. తర్వాత పక్క సీటు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఇంటిదాకా నేనే నడిపాను. ఆయన దారి పొడుగునా కిటికీలోంచి బయటకు చూస్తూనే కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే మేనేజర్‌కు ఫోన్ చేసి, నాకు పొద్దుటి షిఫ్టే ఉంచమన్నాను.

సాయంత్రం వంటింట్లో ఉండగా విన్సెంట్ వచ్చి తాళాల గుత్తి విప్పుతూ కూర్చున్నాడు. కారు తాళం ఒక్కటీ విడిగా తీసి, నా హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచి అందులో వేశాడు.

"మరి మీరో?" అన్నాను.

"నాది తొమ్మిదింటికి కదా. అప్పటికి తెల్లగా తెల్లారి ఉంటుంది. లవ్లీని బడిదాకా నడిపించి రైలెక్కుతాను."

"రోజూనా?"

"పులుసులో చింతపండు పడిందా?" అన్నాడు.

మా ఇంట్లో జరిగిన మార్పు అంతే. పెళ్ళయ్యాక కారు తాళం ఆయన జేబులో లేకపోవడం అదే మొదలు. ఆ తర్వాత మళ్ళీ ఆ జేబులోకి వెళ్ళలేదు.

మార్చి మధ్య వచ్చింది. పాత పద్ధతైతే అప్పటికి గడియారాలు వెనక్కి తిరిగిపోయేవి. కొత్త పద్ధతిలో ఇంకా మూడు వారాలున్నాయి. పొద్దుటి చీకటి చిక్కగా ఉంది. ఒంటరిగా బండి నడపడం మొదలుపెట్టిన కొద్ది రోజులకు, ఆ గోతి ఉన్న చోటు దాటాక, లైట్ల వెలుగులో ఒక మనిషి రోడ్డు వారగా నడుస్తూ కనిపించింది. పెద్ద శరీరం, పైన స్వెటరు, చేతిలో సంచి. స్టేషను వైపే. నేను దాటి వెళ్ళిపోయి, మళ్ళీ ఆపి, అద్దం దించి ఎక్కడిదాకా అని అడిగాను. పాపాటోటో వైపే, ఆస్పత్రి లాండ్రీలో పని అంది. పేరు మెలె. టోంగా దేశం నుంచి వచ్చిన మనిషి. ఎక్కమన్నాను. అనుమానంగా చూసి, నా యూనిఫారం చూసి ఎక్కింది.

కొంతదూరం పోయాక, నువ్వేనా ఇంతకుముందు ఈ దారిలో నడిచేదానివి అని అడిగింది. అవునన్నాను.

"ఫిబ్రవరిలో చేరాను. చీకట్లో నాకు ముందు ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపించేది," అంది. "ఎవరో తెలియదు. ఎవరో ఒకరున్నారని ధైర్యంగా ఉండేది. కొన్నాళ్ళుగా వినిపించడం లేదు. పని పోయిందేమో పాపం అనుకున్నాను."

నేను హీటరు పెంచాను. వెనక ఒక మనిషి వస్తోందని నాకు ఒక్కరోజు కూడా తెలియలేదు. తెలిస్తే ఆగి ఉండేదాన్ని. మర్నాటి నుంచి వాళ్ళ సందు మొగలో నా కోసం నిలబడేది. మా ఇద్దరికీ ఇంగ్లీషు సొంత భాష కాకపోవడంతో తీరిగ్గా, తప్పులు చూసుకోకుండా మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడకు ఐదుగురు పిల్లలు. పెద్దవాడు రగ్బీ ఆడతాడు. వాళ్ళాయన కూడా సంతకం పెట్టాడట.

సాయంత్రాలు విన్సెంట్ రైలు దిగే వేళకు నేనూ లవ్లీ స్టేషను బయట కారులో ఉండేవాళ్ళం. డిక్కీలో గాలపు కర్ర, ఫ్లాస్కులో టీ. అక్కణ్ణుంచి నేరుగా వేమౌత్. పాత పద్ధతైతే మేం ఒడ్డు చేరేసరికే చీకటిపడేది. ఇప్పుడు ఇంకా గంటకు పైగా వెలుతురు. ఆయన రాళ్ళమీద కూర్చునేవాడు, నేను గట్టుమీద కాళ్ళు చాపుకుని, లవ్లీ గవ్వలేరుకుంటూ. ఒక్కోసారి కృష్ణారావు గారు కూడా తన కారులో వచ్చేవారు. చేప పడితే ముఖం పక్కకు తిప్పుకుని, బరువెంతుంటుందని మాత్రం అడిగేవారు. నీళ్ళు తగ్గి బురద బయటపడేది, దానిమీద కొంగలు దిగేవి, అవతలి ఒడ్డున కొండల మీద ఎండ ఎర్రగా పాకేది. ఇన్నేళ్ళుగా ఆయన ఒక్కడే వచ్చి చూస్తున్నది ఇదా అనుకున్నాను. ఆయనతో అన్నాను కూడా. "నేను పిలిస్తే నువ్వొచ్చావా?" అన్నాడు. అదీ నిజమే. ఆయన వెళ్ళే వేళకు నేనెప్పుడూ మర్నాటి డబ్బాలు సర్దుకుంటూ ఉండేదాన్ని.

ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిరిగాయి. ఈసారి కూటానికి సుశీలమ్మ ఆంటీ గంట ముందే వచ్చి, తాళం వేసున్న హాలు మెట్లమీద కూర్చుని ఉంది. నేను కారు పార్క్ చేసి దిగడం చూసి, ఓసి విమలా, నువ్వా నడిపింది అని, గడియారం సంగతి పూర్తిగా మరిచిపోయింది. కూటం అయ్యాక తనను ఇంటిదగ్గర దింపమంది. దారి పొడుగునా సీటు అంచు పట్టుకుని ప్రార్థన చేసుకుంది. దిగేటప్పుడు మాత్రం, వచ్చే ఆదివారం కూడా నువ్వే రా అంది.

చలికాలం మొదలయ్యాక ఒక సాయంత్రం ఇంట్లో ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి, చిన్న వయసు గొంతు. ప్రభుత్వం తరఫున సర్వే చేస్తున్నారట. పొడిగించిన వారాలు జనానికి నచ్చాయా లేదా, ఇలాగే ఉంచాలా, పాత పద్ధతికి పోవాలా అని ఇళ్ళకు ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా కొన్ని నిమిషాలు మాట్లాడగలరా అంది. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని విన్సెంట్ వైపు చూశాను. బల్ల దగ్గర లవ్లీ చేత లెక్కలు చేయిస్తున్నాడు. గడియారం అనే మాట వినపడి తలెత్తాడు. తనకివ్వమని చెయ్యి చాపుతాడనుకున్నాను. చాపలేదు.

"పొద్దున చీకట్లో పనికి వెళ్ళేవాళ్ళను కూడా అడుగుతున్నారా?" అన్నాను ఆ అమ్మాయితో.

"మిమ్మల్ని అడుగుతున్నాను కదండీ," అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అయితే వినండి," అన్నాను. "సాయంత్రాలు బాగున్నాయి, తీసెయ్యొద్దు. పొద్దుటి సంగతి చెప్తాను, రాసుకోండి."

నేను మొదలుపెట్టడం చూసి విన్సెంట్ లేచి, స్టవ్ మీద కూర మాడకుండా మంట తగ్గించాడు.